ఫ్రెంచి సినిమాకి అత్తగారు

రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పాత ఫ్రెంచి హాస్య చిత్రం వేస్తున్నారని తెలిసి, తనూజ అత్తగారిని బయల్దేరదీసింది. మామగారు పోయి ఇంకా ఏడాది కాలేదు.

"సమ్మచ్చరం తిరక్కుండా సినిమాకేటమ్మా? నలుగురూ ఏటనుకుంటారు?" అని ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అనుకోనివ్వండి అత్తయ్యా. ఆయన పోతే మీరు నవ్వడం కూడా మానెయ్యాలా?" అంది తనూజ, కాలేజీలో పాఠం చెప్పే గొంతుతోనే.

తెర మీద ఓ పొడుగాటి మనిషి నిచ్చెన మీంచి జారి సున్నం తొట్టిలో పడ్డాడు. చెయ్యందించబోయిన పోలీసునీ తొట్టిలోకి లాగేశాడు. అత్తగారు పకపకా నవ్వేసింది. ముందు వరసల్లోని తార్‌బహార్ రైల్వే కాలనీ ఆడవాళ్ళంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు.

తనూజ చెయ్యి దానంతటదే అత్తగారి మోకాలి మీద పడింది. "మెల్లిగా అత్తయ్యా, అందరూ చూస్తున్నారు."

నవ్వు ఆగిపోయింది.

ఇంటర్వెల్‌లో పక్క క్వార్టర్ పెద్దావిడ వచ్చి తనూజ గడ్డం పట్టుకుంది. "మా వదినేనా అలాగ నవ్వింది? అన్నయ్య పోయాక ఆ నవ్వు ఇన్నామేటే కోడలా! తీసుకొచ్చి మంచి పని చేసినావు."

ఆ మెప్పుకి తనూజ తలెత్తలేకపోయింది.

సినిమా మళ్ళీ మొదలైంది. ఆ పొడుగాటి మనిషి సైకిలుతో సహా చెరువులోకి దూసుకుపోయాడు. హాలంతా గొల్లుమంది. అత్తగారు మాత్రం తెర వదిలేసి, తనూజ ముఖంలోకి చూసింది.

"ఇప్పుడు నవ్వొచ్చా తల్లీ?"