నిండుకున్న మాట

"సిలిండర్లు ఉన్నాయా నాయనా?"

కిటికీ ఊచల అవతల ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఒంటి మీద బూడిదరంగు శాలువా, కాళ్ళకి చెప్పుల్లేవు.

స్టోర్‌కీపర్ తల ఎత్తి సరిగ్గా చూడను కూడా లేదు. అతని ప్రాణమంతా పైవార్డులో ఉంది. కాన్పయిన కూతురికి ఊపిరి అందడం లేదని తెల్లవారుజామున ఆక్సిజన్ పెట్టారు. అలాంటి రోజున అదే ఆస్పత్రిలో సిలిండర్ల లెక్క చూసే ఉద్యోగం పగవాడికి కూడా వద్దు.

"నిండుకున్నాయమ్మా," అన్నాడు.

"నిండుగా ఉన్నాయా?"

"ఛ! అయిపోయాయి. లారీ దారిలో ఉంది."

"మరి ఆ మాటే అనొచ్చుగా?"

"అనకూడదమ్మా. మా అమ్మ నేర్పింది. బియ్యమైనా, నూనైనా నిండుకుందనాలి. లేదు లేదంటే లేకుండానే పోతుంది."

ఆవిడ నవ్వలేదు. తెలుగు చక్కగానే మాట్లాడుతోంది. కానీ ప్రతి మాటనీ కొత్త బట్టలా మడత విప్పి చూస్తోంది.

"మీ ఇళ్ళల్లో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. వెళ్ళిపోయేవాడు వస్తానంటాడు. చెడు దగ్గరికొచ్చేసరికి మాటకి ముసుగేస్తారు."

"ఎవరు వెయ్యరమ్మా?"

"అదీ నిజమే. ఒక భాషలో ఘోరం జరిగితే చెడ్డ చుక్క అంటారు. నేరం ఆకాశం మీదికి తోసేస్తారు. ఇంకో భాషలో విషాదాన్ని మేకపాట అంటారు. ఎందుకన్నారో వాళ్ళకే సరిగ్గా తెలీదు."

"మేకపాటా!" అంత దిగులులోనూ అతనికి నవ్వొచ్చింది. "మా దగ్గర అంత దూరం పోనక్కర్లేదు. చెప్పు తెగినా కొంప మునిగిందంటాం."

"నిజంగా మునిగిన రోజున ఏమంటారు?"

అతను లెక్కల పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

"పైన కొత్త నర్సు ఉంది," అందావిడ. "మీ భాష పుస్తకంలో నేర్చుకుని వచ్చింది. నిండుకోవడమంటే ఏమిటో ఆ పిల్లకి తెలుసా?"

"తెలీకపోవడమేంటి? వెళ్ళమ్మా, నా బుర్ర తినకు."

"ఆ పిల్ల చేతుల్లోనే నీ కూతురుంది నాయనా."

"నా కూతురి ఊసు నీకెందుకు?" అని కసిరి కిటికీ తలుపు మూసేశాడు.

మూశాకగానీ బుర్రకి తట్టలేదు, కూతురి సంగతి ఆవిడకెవరు చెప్పారని. మళ్ళీ తెరిచాడు. వరండా ఖాళీగా ఉంది. అప్పుడే కడిగి వెళ్ళిన తడి నేల మీద ఒక్క అడుగు గుర్తు కూడా లేదు.

ఫోన్ మోగింది. కొత్త నర్సు.

"బాబాయ్, వార్డు బయట రెండు సిలిండర్లు పెట్టారు కదా. అవి..."

"నిండుకున్నాయమ్మా," అనేశాడు. నోటికి అలవాటైన మాట.

"మంచిది," అని ఆమె పెట్టేసింది.

రిసీవర్ అతని చేతిలోనే ఉండిపోయింది. అయిపోయాయంటే మంచిదనే నర్సు ఉంటుందా?

తిరిగి ఫోన్ చేశాడు. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఆ పెద్దావిడ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినట్టు చెప్పింది, తనే వినలేదు. మెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలియదు.

కూతురు కళ్ళు మూసుకుని ఉంది. ముఖం మీద మాస్కు. గుండెలు నెమ్మదిగా ఎగసి దిగుతున్నాయి. అతను గోడ పట్టుకుని భోరుమన్నాడు.

నర్సు అతని దగ్గరికొచ్చింది.

"నిండాయన్నారు కదా బాబాయ్! అమ్మాయిది అయిపోవస్తుంటే, ఆ మాట విని బిగించాను. మీటరు ముల్లు కదల్లేదు. రెండోదీ అంతే. అమ్మాయి పెదాలు నీలంగా అయిపోయాయి."

"తప్పు నాది తల్లీ. మరి ఇదెక్కడిది?"

"పక్క మంచానిది. నా వెనకాల ఎవరో పెద్దావిడ అన్నారు, 'అది తీసి దీనికి పెట్టు, అక్కడ ఇంక అవసరం లేదు' అని. మా భాషలో బాబాయ్! అచ్చం మా అమ్మమ్మ మాట్లాడినట్టు."

"చూశావా ఆవిడని?"

"తిరిగేసరికి శాలువా అంచు మాత్రం కనబడింది. పక్క మంచం చూశాను. ఆవిడన్నది నిజమే. నాడి లేదు, ఒళ్ళు చల్లబడిపోయింది. ప్రాణం ఎప్పుడు పోయిందో మేమెవరమూ చూసుకోలేదు."

"శాలువా బూడిదరంగేనా?"

"మీకెలా తెలుసు?"

"నాతో తెలుగులో మాట్లాడింది. కుక్కని కసిరినట్టు కసిరాను." అతను గుమ్మం వైపు చూశాడు. "ఎటు వెళ్ళిందో చెప్పు తల్లీ, కాళ్ళ మీద పడతాను."

నర్సుకి తెలియదు. కింద వాచ్‌మన్‌ని అడిగితే, అలాంటి మనిషెవరూ లోపలికి రాలేదు, బయటికి పోలేదన్నాడు.

తిరిగొచ్చేసరికి కూతురు కళ్ళు తెరిచి "నాన్నా" అంది. ఆ పిలుపు విన్నాక అతనికి కాస్త స్థిమితం చిక్కింది. ఆ పెద్దావిడ ఎలాగూ దొరకలేదు, బిడ్డకి ఊపిరిచ్చిన పక్క మంచానికైనా దణ్ణం పెడదామనుకున్నాడు.

"ఎవరమ్మా ఈవిడ?"

"ఎవరూ లేరు బాబాయ్. రోడ్డు మీద పడి ఉంటే ఎవరో తెచ్చి చేర్చారు. డాక్టరుగారు తనకొచ్చిన భాషలన్నిట్లో పలకరించి చూశారు. ఒక్క దానికీ పలకలేదు."

అతను దుప్పటి అంచు తొలగించాడు, పొద్దున కిటికీ ఊచల అవతల నిలబడి తనని మాటల అర్థాలడిగిన ముఖం కళ్ళు మూసుకుని కనిపించింది, వెనకనుంచి నర్సు చెబుతూనే ఉంది: "అందుకే వార్డులో అందరం మూగావిడ అనే పిలిచేవాళ్ళం."