భీమన్న వాటా

"సంతకం పెట్టు హరితా. సాక్షిని గూడా నేనే తోడు తెచ్చినా," అంటూ మంజునాథ్ బల్ల మీద కాగితం పరిచాడు.

బళ్ళారి బజారులోని గుడ్డల అంగడి గురించిన కాగితం అది. మంజునాథ్, అతని తమ్ముడు సరిసగం వాటాదారులు. తమ్ముడు పోయాడు. అతను పెట్టిన నాలుగు లక్షలూ భార్య హరితకు ముట్టాయనీ, ఇక అంగడిలో ఆమెకు ఏ హక్కూ లేదనీ అందులో రాసి ఉంది.

హరిత చదివి మడత పెట్టింది. బెంచీల మీద కామర్సు ట్యూషన్ పిల్లలు ఆమెనే చూస్తున్నారు.

"పాఠం నడస్తాండాది బావా."

"నీ పాఠం అయ్యేదాకా నేను కాసుకోవల్నా? సుమ్నే ఒక గీత గీస్తే అయిపోతాది."

"పిల్లోళ్లు వాళ్ల ఊరికి, మోక బస్సుకు పోవల్ల. ఒక లెక్క మిగిలింది. అది తేలితే పెడతా."

"మాట మార్చవు గదా?"

"సాక్షి ఉండాడు గదా," అంది హరిత.

సాక్షి శ్రీనివాసులు అప్పటికే వెనక బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు. వర్తకుల సంఘం పెద్ద. బజారులో ఎవరికి తగువు వచ్చినా అతని మాటతోనే తెగుతుంది. మంజునాథ్ విసురుగా అతని పక్కన కూలబడ్డాడు. ఆడమనిషి కాసేపు బెట్టు చేస్తుంది, చేయనీ అనుకున్నాడు.

హరిత బోర్డు మీద లెక్క రాసింది.

'సోమన్న, భీమన్న ఎమ్మిగనూరులో వడ్ల వ్యాపారులు. చెరిసగం వాటా. భీమన్న పెట్టుబడి 40,000. కిందటేడు అంగడి లాభం 80,000. అంగడి పేరుకున్న విలువ, అంటే గుడ్‌విల్, 1,00,000. సెప్టెంబరు ఆఖరున భీమన్న మరణించాడు. అతని వారసులకు రావలసినది ఎంత?'

"ఎట్ల చచ్చిపోయినాడు మేడం భీమన్న?" అన్నారెవరో. పిల్లలు నవ్వారు.

"లెక్కకు అది అక్కర్లేదు," అంది హరిత. రాసిన అంకె మీదే సుద్దతో ఇంకోసారి దిద్దింది. "బాబూ, నువ్వు రా."

బాబు వచ్చి కింద 40,000 అని రాసి గీత కొట్టాడు. "భీమన్న దుడ్డు భీమన్నకు వాపసు. అంతే మేడం."

మంజునాథ్‌కు తప్పు లెక్క కంటబడితే చెయ్యి ఊరుకోదు. పక్క అంగళ్ల గుమాస్తాల కాగితాలు కూడా లాక్కుని దిద్దుతాడని పేరు.

"ఎవరి కొడుకువప్పా నువ్వు?"

"మోక మారెన్న కొడుకు సార్."

"మీ నాయన అంగడి పెట్టకుండా మంచి పని చేసినాడు. పెట్టింటే నువ్వు వారానికే తాళం ఏసి ఉందువు."

బాబు తల దించుకున్నాడు. హరిత మాత్రం నెమ్మదిగా, "వాడు రాసిందాంట్లో తప్పేముండాది బావా? భీమన్న పెట్టింది నలభై వేలే గదా," అంది.

"నువ్వూ అదే అంటాండావా? ఈ తెలివికి పిల్లోళ్ల దగ్గర ఫీజు గూడా తీసుకుంటాండావు." మంజునాథ్ లేచి వెళ్లి బాబు చేతిలోని సుద్దముక్క లాక్కున్నాడు. "పెట్టిన దుడ్డే చేతిలో పెడితే అది చేబదులు తీర్చినట్ల. వాటాదారుకు ఇచ్చినట్లు యాడ అయితాది? ఏప్రిల్ నుంచి ఆర్నెల్లు ఆ మనిషి గొడ్డుచాకిరి చేసినాడు. కిందటేటి లెక్కన ఆర్నెల్ల లాభం నలభై వేలు, దాంట్లో వాని సగం ఇరవై వేలు. రాసుకోండి. గుడ్‌విల్ లక్షలో సగం, యాభై వేలు."

"చచ్చిపోయినోడికి గుడ్‌విల్ ఎందుకు సార్?" ముందు బెంచీలోంచి రంజిత అడిగింది. "ఇంక అంగడికి రాడు గదా?"

"వాడు రాకపోతే ఏంది, గిరాకీ వస్తాండాదా లేదా? ఇద్దరూ కల్సి తెచ్చిన పేరు చూసే గదమ్మా వచ్చేది. భీమన్న పోయినాడని సోమన్న బోర్డు సగానికి కోసేసినాడా?"

"సోమన్న ఇయ్యనంటే సార్?"

"ఇయ్యనంటే వాడు దొంగ. తోడబుట్టినోని మాదిరి పక్కన కూర్చున్న మనిషిని మోసం చేసేటోడిని బజార్లో ఎవరు నిలవనిస్తారు? ఏం శ్రీనివాసులప్పా?"

"నిలవనియ్యం," అన్నాడు శ్రీనివాసులు.

మంజునాథ్ బాబు రాసిన నలభై వేలతో కలిపి మూడు అంకెలూ కూడి, కింద 1,10,000 అని పెద్దగా రాసి, దాని చుట్టూ గుండ్రంగా గీశాడు. "ఇది బరాబర్ లెక్క. ఒక్క రూపాయి తగ్గినా ఒప్పుకోవద్దండి."

"అందరూ రాసుకున్నారా?" అని అడిగింది హరిత. రాసుకున్నామని పిల్లలు సంచులు సర్దుకుని మెట్లు దిగిపోయారు.

మంజునాథ్ చేతులకంటిన సుద్ద దులుపుకున్నాడు. చాలా రోజుల తర్వాత అతనికి కడుపునిండా మాట్లాడినట్టు ఉంది. కాగితం మడత విప్పి, పెన్ను మూత తీసి ఆమె ముందుకు తోశాడు.

"లెక్క తేలింది గదా. ఇంక పెట్టు."

శ్రీనివాసులు కూడా లేచి బల్ల దగ్గరికి వచ్చాడు.

హరిత పెన్ను తీసుకోలేదు. బోర్డు చెరపలేదు.

"ఆ అంకెలన్నీ మన అంగడివే బావా, ఒక్కో సున్నా తీసేసి రాసినా. ఆ సున్నా చేర్చి కాగితం మళ్ల రాసుకోని రాండి, పెడతా."