కాళ్ళ దగ్గర మనిషి

అయినా శవపేటిక కూడా ఇంతకంటే వెడల్పుగానే ఉంటుంది కదా, అని ఆమె అనుకుంటూ ఉండగానే స్కానింగ్ బల్ల గొట్టంలోకి జరగడం మొదలైంది.

తల కదలకుండా బిగించారు. ముక్కుకి బెత్తెడు దూరంలో తెల్లటి పైకప్పు.

"కళ్ళు మూసుకోండమ్మా. కాస్త చప్పుడవుతుంది, భయపడకండి," చెవిలో టెక్నీషియన్ గొంతు.

భయపడకండి అనగానే భయం పోయేట్టయితే ఇంకేం! కిందటిసారి ఇలాగే పడుకుని, ఆపమని చెప్పడానికి చేతికిచ్చిన రబ్బరు బంతి నొక్కేసి బయటపడింది. తలలో గడ్డ ఎంత ఉందో ఫోటో చూడందే కత్తి పట్టుకోనని డాక్టరు తేల్చేశాడు. తోడుగా లోపలికొస్తానని భర్త బయల్దేరాడు గానీ, ఆయన తొడలో ఇనుపకడ్డీ ఉంది.

"ఇది పెద్ద అయస్కాంతం, మీరొస్తే మిమ్మల్ని ఇల్లరికపు అల్లుడిలా అట్టిపెట్టేసుకుంటుంది సార్," అని టెక్నీషియన్ ఆయన్ని బయటే కూర్చోబెట్టాడు.

యంత్రం దడదడలాడింది. పైకప్పు ముఖం మీదికి దిగుతున్నట్టనిపించింది. ఊపిరి అందలేదు. వేళ్ళు బంతి చుట్టూ బిగుసుకున్నాయి.

అప్పుడు ఎవరో ఆమె పాదం పట్టుకున్నారు.

ముడతలు పడ్డ అరచెయ్యి. గట్టి పట్టు. నర్సు కాబోలు.

అచ్చం అమ్మమ్మ పట్టు.

పిడుగులు పడుతుంటే అమ్మమ్మ పిల్లలందర్నీ హాల్లో వరసగా పడుకోబెట్టి, కాళ్ళ దగ్గర కూర్చునేది. అందిన పాదమల్లా పట్టుకునేది. "నేనున్నాగా, పడుకోండర్రా." ఆ చెయ్యి తగిలితే చాలు, నిద్ర ముంచుకొచ్చేది.

అమ్మమ్మకి భయమంటే తెలీదని చుట్టాలంతా అనేవాళ్ళు. తాతయ్య పోయాక ఇంత సంసారాన్ని ఒంటిచేత్తో లాక్కొచ్చిన మనిషి. "యముడొచ్చినా మా అమ్మ కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మంటుంది," అని మామయ్య నవ్వేవాడు.

అలాంటి మనిషి, చివరి రోజున ఆసుపత్రి మంచం మీదినుంచి చెయ్యి చాపింది. మంచం అంచున కాళ్ళు పైన పెట్టుకుని కూర్చున్న మనవరాలి పాదం కోసం తడిమింది.

"ఏంటమ్మమ్మా ఇది? పెద్దదానివి, నువ్వు నా కాళ్ళు ముట్టుకుంటే నాకు పాపం," అంటూ ఆమె కాళ్ళు ముడుచుకుని చీర కింద దాచేసుకుంది.

"అవునే పిచ్చుకా, మర్చిపోయాను."

అమ్మమ్మ చెయ్యి దుప్పట్లోకి వెళ్ళిపోయింది. మందుల మత్తు అనుకుందామె. సాయంత్రానికి అమ్మమ్మ లేదు.

చప్పుడు ఆగింది. బల్ల వెలుతురులోకి వచ్చింది. పాదం మీద చెయ్యి లేదు.

"భలేవారే. చీమంత కూడా కదల్లేదు," అన్నాడు టెక్నీషియన్, తల బిగింపు విప్పుతూ.

"నా గొప్పేం లేదు బాబూ. మీ నర్సమ్మ కాలు పట్టుకోబట్టి గట్టెక్కాను."

"నర్సెక్కడిదండీ? ఆవిడ పేషెంటు. మీ తర్వాత ఆవిడే. వచ్చిన ప్రతిసారీ బల్ల చూసి పారిపోతుంది. ఇవాళ గట్టిగా కసిరాను. దాంతో, 'ఆ అమ్మాయి కాలు కాసేపు పట్టుకోనియ్యి నాయనా, ధైర్యం వస్తుంది' అంది. మీకు చెప్పకుండా పంపాను, ఏమీ అనుకోకండి."

"ధైర్యం నాకనేగా?"

"మీకెందుకండీ, ఆవిడకే. ఎవరి కాలైనా చేతికందితే గానీ గుండెదడ తగ్గదట."

ఆమె లేచి కూర్చుని తన పాదం వంక చూసుకుంది. పిడుగు పడ్డప్పుడల్లా అమ్మమ్మ పట్టు ఇంకాస్త బిగిసేది. ఆ అరచెయ్యి తడితడిగా ఉండేది. ఆ చెమట ఏమిటని అంతమంది పిల్లల్లో ఒక్కరూ అడగలేదు.

బయట బెంచీ మీద ముసలావిడ ఆకుపచ్చ గౌనులో ఒదిగి కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"అయిపోయిందా తల్లీ? నెప్పేం లేదు కదా?"

"లేదమ్మా."

"మా అబ్బాయి టీకి వెళ్ళాడు. వాడొచ్చేలోగా మెల్లగా జారుకుందామా అని చూస్తున్నా."

ఆమె పక్కనే కూలబడింది. లోపల యంత్రం మళ్ళీ ఒకసారి గురగురమంది. ముసలావిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఎదురుగా భర్త నోరు తెరుచుకుని చూస్తుండగా, ఆమె చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ ఎత్తి ముసలావిడ ఒళ్ళో పెట్టింది.