ముందు తగ్గింది ఎవరు

ఆదివారం ఉదయం ఆరు నలభైకి సంపూర్ణమ్మ పూతరేకుల డబ్బా పట్టుకుని, నాలుగేళ్లుగా మాటల్లేని తోటికోడలు కృపారాణి గుమ్మం ఎక్కింది. ఆ రోజు చర్చిలో ప్రభు భోజనం. మనసులో పగ ఉన్నవాళ్లు తీసుకోకూడదు.

"తప్పు నాదే కృపా, క్షమించు."

"నేనెప్పుడో క్షమించేశానక్కా. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను."

"నాకంటే ముందేనా?"

"మీరు ఆలస్యం చేస్తే నేనేం చెయ్యనండి?"

"గడప తొక్కింది నేను. తగ్గింది నేను."

"తగ్గినవాళ్లు అలా చెప్పుకోరక్కా."

ఆ పూట చర్చిలో ఇద్దరూ ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షారసం ముట్టలేదు.

వచ్చే ఆదివారం పాస్టరుగారి ప్రసంగం దీనత్వం మీద. అవతలి ఆవిడను తప్పకుండా ముందు వరుసలో కూర్చోబెట్టమని ఇద్దరూ ఆయనకు విడివిడిగా ఫోన్ చేసి చెప్పారు.