గురవమ్మ బస్సు దిగిందా?

"వదలండి సార్, ముందు చెయ్యేసింది నేను."

"మీరే కావచ్చమ్మా. నేను దీనికోసం గుంటూరు, ఒంగోలు అన్నీ తిరిగి వచ్చాను."

సత్తెనపల్లి లైబ్రరీ వాళ్ళు పాతబడిన పుస్తకాలన్నీ వరండాలో బల్ల మీద పోసి, కావలసినవాళ్ళు పట్టుకెళ్ళమన్నారు. ఆ పలచటి కథల పుస్తకానికి ఒక అంచు లక్ష్మీకాంత్ చేతిలో, రెండో అంచు జానీబీ చేతిలో ఉంది. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆమెకు బజార్లో గాజుల కొట్టు ఉంది. ఆ రచయితంటే ఇద్దరికీ ప్రాణం.

"అలాగే లాగండి. చెరో ముక్కా వస్తుంది," అంది లోపల్నుంచి లైబ్రేరియన్ జ్యోతిర్మయి.

లక్ష్మీకాంత్ కాస్త తగ్గాడు. "పుస్తకం మీరే ఉంచుకోండమ్మా. చివరి పేజీ ఒక్కటి చూసి ఇచ్చేస్తాను."

"ఒక్క పేజీకా ఇంత గొడవ?"

"మా ఇంట్లో ఉన్నదాంట్లో ఆ కాగితం లేదు. చివరి కథలో గురవమ్మ మొగుడితో పోట్లాడి, చెప్పులు కూడా వేసుకోకుండా బస్సెక్కేస్తుంది. అతను సైకిల్ మీద వెంటపడి వచ్చి, కిటికీ కింద ఆ చెప్పులు పట్టుకుని నిలబడతాడు. అక్కడితో మా పుస్తకం ఆగిపోయింది. చెప్పులు తీసుకుని అటే వెళ్ళిపోయింది అనేది మా దుర్గ. కాదు, దిగింది అనేవాణ్ణి నేను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే తగాదా."

"మరి ఆవిడ్ని కూడా తీసుకురాకపోయారా? ఇక్కడే తేలిపోయేదిగా."

"నిరుడు పోయిందమ్మా."

జానీబీ చెయ్యి వదిలేసింది.

"అయితే సార్, చివరి పేజీ ముందు చూస్తానంటే ఒప్పుకోను," అంది తర్వాత. "ఆయన కథలు అలా చదివేవి కావు. ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదవండి. పైకి చదవండి, నేనూ వింటా. నాకు అక్షరాలు ఆనట్లేదు. మా మనవరాలు చదివితేనేమో ఏడుపు కథకి కూడా నవ్వొస్తుంది."

"సాయంత్రమవుతుందమ్మా. మరి మీ పనో?"

"కొట్లో మా ఆయనున్నాడులే. ఒక్కరోజు గాజులమ్మితే చేతులేం అరిగిపోవు."

వరండా మెట్ల మీద కూర్చున్నారు. లక్ష్మీకాంత్ మొదటి కథ అందుకున్నాడు. రోడ్డు మీద మిర్చి బస్తాల లారీ వెళ్ళినప్పుడల్లా ఇద్దరూ ఆగి, తుమ్మి, "ఊఁ, ఎక్కడున్నాం?" అనుకుని మళ్ళీ మొదలుపెట్టారు.

మేకల దొంగ కథలో జానీబీ పడీపడీ నవ్వింది. సరిగ్గా అక్కడే దుర్గ కూడా నవ్వేది, పొయ్యి మీద తాలింపు మాడిపోతున్నా సరే. కవలపిల్లల కథ దగ్గర లక్ష్మీకాంత్ పుస్తకం ఒళ్ళోకి దించేశాడు. అక్కడికి రాగానే, "ఇటివ్వండి, ఇక మీ వల్ల కాదు," అని దుర్గ పుస్తకం లాక్కుని మిగతాది తనే చదివేది. ఇప్పుడు లాక్కునే చెయ్యి లేదు. జానీబీ తన సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి మెట్టు మీద పెట్టి, అటువైపు తిరిగి రోడ్డు చూస్తూ కూర్చుంది. ఆయన నాలుగు గుక్కలు తాగి, తనే చదివాడు.

మధ్యాహ్నం జ్యోతిర్మయి తన క్యారియర్‌లో పెరుగన్నం రెండు మూతల్లోకి సర్ది వాళ్ళ ముందు పెట్టింది. సాయంత్రానికి ఆమె కుర్చీ గుమ్మం దాకా జరిగింది.

"ఇంతకీ ఆ కాగితం ఎవరు చింపారు సార్?" అంది జానీబీ, చివరి కథ మొదలుపెట్టబోతుంటే.

"ఏమోనమ్మా. దుర్గ హాస్టల్లో ఉన్నప్పుడు కొనుక్కున్న పుస్తకం. చివరి కథ చదవకముందే చిరిగిందంది. ఎలా చిరిగిందే అని అడిగితే మాత్రం నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయేది."

చివరి కథ చాలా నెమ్మదిగా చదివాడు.

"‘గురవమ్మ కిటికీలోంచి కిందికి చూసింది. చెప్పులకంటిన దుమ్ము అతను పంచె చెంగుతో తుడుస్తున్నాడు. కండక్టర్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.’"

పేజీ కింది అంచు వచ్చేసింది. లక్ష్మీకాంత్ ఆగిపోయాడు.

"తిప్పండి సార్."

"భయంగా ఉందమ్మా."

"ఎందుకు? ఆవిడ గెలుస్తుందనా?"

"ఎవరు గెలిచినా తగాదా తెగిపోతుంది. ఇప్పటికీ పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ, ‘దిగిందే, దిగకుండా ఎలా ఉంటుంది?’ అంటాను. ‘దిగలేదు’ అన్నట్టే ఉంటుంది వంటింట్లోంచి. రేపట్నుంచి మేం ఏం మాట్లాడుకోవాలి?"

లైబ్రరీ మూసే వేళ దాటిపోయింది. జ్యోతిర్మయి తాళంకప్ప పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

"ఆవిడకీ తెలుసుకోవాలని ఉండేదేమో కదండీ," అంది మెల్లగా.

లక్ష్మీకాంత్ పేజీ తిప్పాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. తర్వాత ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"దిగిందా లేదా, చెప్పి నవ్వండి సార్!"

"కథ ఇందాకటి పేజీతోనే అయిపోయిందమ్మా," అన్నాడు లక్ష్మీకాంత్, పుస్తకం ఆమె ఒళ్ళో పెడుతూ. "ఇక్కడేమో, ‘ఈ కాగితం చింపి మాకు పంపండి, పళ్ళపొడి పొట్లం ఉచితం’ అని ఉంది."