నవ్విందెవరు?

"ఎవరు నవ్వింది? బయటికి రండి!" ఉరుముల్ని మించి అరిచింది తెరంగ్.

తహాన్ ఏటి గట్టున ఆకుల పాకలు గాలికి ఊగిపోతున్నాయి. వాటి మీదికి వంగిన ముసలి మెరంతి చెట్టు కిర్రుమంటోంది. అడవిలో ఏ జీవిని చూసి నవ్వినా ఉరుముదేవుడు ఊరుకోడు. నవ్విన మనిషి కాలికి గాటు పెట్టుకుని, నెత్తురు వాననీటిలో కలిపి పైకి చల్లాలి. అందాకా గాలివాన ఆగదు.

"నీ మొగుణ్ణి అడగవే బుంగా," అంది తెరంగ్ కూతురితో. అల్లుడు కెలాదీ మూరెడు దూరంలోనే ఉన్నాడు. కానీ అత్తా అల్లుడూ నేరుగా మాట్లాడుకోకూడదు మరి.

"మా అమ్మ అడుగుతోంది," అంది బుంగా.

"వినబడింది. నాకు చెవుడు లేదని చెప్పు."

"లేకపోతే జవాబేదని అడుగు! మొన్న జలగను చూసి ఇకిలించింది ఈ మహానుభావుడే కదూ?"

మళ్ళీ పిడుగు పడింది. చెట్టు మొదట్లో ఏదో ఫట్‌మంది. పిల్లలు తల్లుల్ని కరుచుకున్నారు.

కెలాదీ అత్త వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "నేనే నవ్వాను. పొద్దున కొండముచ్చు కొమ్మ జారి ఏట్లో పడితే."

"నేను చెప్పలా!" అంది తెరంగ్. గొంతులో ఎందుకో జోరు లేదు.

తప్పు ఆరుబయట, అందరి ముందూ ఒప్పుకోవాలి. పిల్లాజెల్లాతో అంతా ఇసుకతిన్నె మీదికి నడిచారు. కెలాదీ కాలు గీరుకుని నెత్తురునీళ్ళు పైకి చల్లాడు. తెరంగ్ అందరికీ వెనకాల వంగి నిలబడింది. చలి కాబోలనుకున్నారు.

అప్పుడే మెరంతి కూలింది. సరిగ్గా తెరంగ్ పాక మీద. పాకలో పొయ్యి, చాప, బుట్టలు అన్నీ పచ్చడైపోయాయి.

వాన తెరిపిచ్చింది. "నీ తప్పే మమ్మల్ని బతికించిందిరా నాయనా!" అంటూ ముసలివాళ్ళు కెలాదీ తల నిమిరారు. తెరంగ్ అల్లుణ్ణి కన్నతల్లికి మనసులోనే దండం పెట్టుకుంది. కాల్చిన చేపలో మెత్తటి ముక్క తీసి, "అతనికి పెట్టు," అని కూతురి చేతికిచ్చింది.

మొగుడి గాయానికి ఆకు పసరు అద్దుతూ బుంగా గొణిగింది. "పొద్దుటంతా నువ్వు రంబుటాన్ పళ్ళ చెట్టు మీద, నేను కింద. నువ్వసలు నవ్వనే లేదు కదా?"

"లేదు. నవ్వినవాళ్ళను పైనుంచి చూశాను."

"ఎవర్ని?"

కెలాదీ ఇంకో చేప ముక్క నోట్లో వేసుకున్నాడు.

"ఆ పసరు కాస్త ఇలా తేవే," అంది తెరంగ్, లుంగీ అంచు పైకి జరుపుతూ. ఆమె కాలి మీద కూడా పచ్చి కత్తిగాటు ఉంది.