మోకాలెత్తు చెక్క

"దిగి, సైకిలు భుజానేసుకుని పరిగెత్తవే. ఎగిరావంటే పళ్లు రాల్తాయి," అన్నాడు మేనమామ, కట్టుడు పళ్లు సర్దుకుంటూ.

సైకిలు పందెం దారిలో, బురద మధ్య అడ్డంగా నిలబెట్టిన మోకాలెత్తు చెక్క. దిగి దాటొచ్చు, సైకిలుతో సహా ఎగిరీ దాటొచ్చు.

"నీ పళ్లు ఎగిరితే పోయాయా మావయ్యా?"

"దిగితేనే. కాలు జారింది."

"ఇంకేం, ఎగురుతాను," అంది మేనకోడలు.

మావయ్య అక్క వంక చూశాడు. ఆవిడ ఎడం చేత్తో కూతురి హెల్మెట్ పట్టీ బిగిస్తోంది. కుడి చెయ్యి భుజం దాటి లేవదు. ఎప్పుడో మెట్ల మీంచి పడ్డానంటుంది. సైకిలు తొక్కడమే రాదనీ అంటుంది.

"నువ్వైనా చెప్పక్కా."

"ఎగరనీరా. దిగి నువ్వేం బాగుపడ్డావు?" అని కూతురి వైపు తిరిగింది అమ్మ. "ముందు చక్రం దాటగానే సంబరపడి సీటు మీద చతికిలబడకు. వెనక చక్రం చెక్కకి తగిలి, నిన్ను అవతలికి విసిరేస్తుంది."

కూతురు ఆ కుడి భుజం వంక చూసింది.

"అమ్మా, నువ్వు పడింది ఎన్ని మెట్ల మీంచి?"

"ఒక్కటే," అంది అమ్మ, చెక్క మీద చెయ్యేసి. "ఇంతే ఎత్తు."